పొలం ఇండస్ట్రియల్ జోన్‌లో పడినప్పుడు సలహా కోసం వెళ్లాం: ఒక భూసలహా సేవపై మా అనుభవం

ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా కేంద్రానికి ఆనుకొని మా ఊరు ఉంది. కొన్నేళ్ల కింద ఊరిని మున్సిపాలిటీలో కలిపారు. మా బాపు పేరు మీద 5 ఎకరాల 20 గుంటల భూమి ఉంది. కాలువ నీటితో, రెండు బోర్లతో రెండు పంటలూ పండుతుంది. గత సంవత్సరం వెలువడిన మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో అందులో 3 ఎకరాలకు పైగా ఇండస్ట్రియల్ జోన్ కింద ఊదా రంగులో కనిపించింది, మిగిలిన దానిలోంచి వంద అడుగుల రోడ్డు గీసి ఉంది. నక్షా కాపీ ఊర్లోకి వచ్చిన వారం తిరగకముందే ఇద్దరు మధ్యవర్తులు ఇంటికి వచ్చి, ఇప్పుడు అమ్మకపోతే రేపు ప్రభుత్వం అడ్డగోలుగా తక్కువ ధరకు తీసుకుంటుందని బాపును భయపెట్టారు. ఆ భయంలో సంతకం పెట్టకుండా ఆపగలిగింది నేనూ అన్నా వెతికి పట్టుకున్న ఒక భూసలహా కార్యాలయం. ఆ సేవ ఎలా ఉందో, ఎక్కడ మమ్మల్ని కాపాడిందో, ఎక్కడ తప్పు చేసిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మెప్పుతో పాటు ఫిర్యాదు కూడా ఉంది కనుక సంస్థ పేరు రాయడం లేదు.

సర్వే శాఖలో పనిచేసి రిటైర్ అయిన ఒక పెద్దమనిషి, ఇద్దరు న్యాయవాదులు, టౌన్ ప్లానింగ్ చదివిన ఒక యువకుడు కలిసి దీనిని నడుపుతున్నారు. మొదటిసారి కూర్చుని మాట్లాడినందుకు 1,500 రూపాయలు, పూర్తి ఫైలు తయారు చేసినందుకు 18,000 రూపాయలు తీసుకున్నారు. కొలతల ఖర్చు వేరు. భూమి అమ్మితే కమీషన్, పరిహారం పెరిగితే వాటా అనే మాట వారి దగ్గర లేదు. మేము వీరిని ఎంచుకోవడానికి మొదటి కారణం ఇదే. అంతకుముందు కలిసిన ఒకాయన ఉచితంగానే సలహా చెబుతానన్నారు, కానీ అమ్మకం జరిగితే రెండు శాతం ఇవ్వాలన్నారు. ఆయన నోట అమ్మకం తప్ప ఇంకో దారి రాలేదు. రైతు భూమిని అట్టిపెట్టుకుంటే తనకు రూపాయి రాని మనిషి, అట్టిపెట్టుకోమని చెప్పే అవకాశం చాలా తక్కువని నాకు అప్పుడు అర్థమైంది. ఫీజు ఎంత అన్నదాని కంటే ఏ పనికి ఫీజు అన్నది ముందుగా అడగవలసిన ప్రశ్న.

మొదటి రోజు బాపు కూర్చోగానే "అంటే మా భూమి పోయినట్టేనా సార్?" అని అడిగాడు. వారిలో పెద్ద న్యాయవాది "పట్టా మీ పేరు మీదనే ఉన్నది పెద్దాయనా, ఇప్పటికి మారబోతున్నది నక్షాలో రంగు మాత్రమే" అని జవాబిచ్చి, జోనింగ్‌కూ భూసేకరణకూ ఉన్న తేడాను అరగంట సేపు ఓపికగా చెప్పారు. జోన్ మారినంత మాత్రాన యాజమాన్యం మారదు, సాగు ఆపవలసిన పని లేదు, పాసుపుస్తకం రద్దు కాదు. మారేది ఏమిటంటే, రేపు ఆ స్థలంలో ఇల్లు కట్టుకోవాలన్నా లేఅవుట్ వేయాలన్నా జోన్‌కు సరిపోని వాడకానికి అనుమతి దొరకదు. దానితో కొనేవాళ్లు తగ్గి, వచ్చే కొద్దిమంది చెప్పిందే ధర అవుతుంది. ప్రభుత్వం నిజంగా భూమి తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం వేరే నోటిఫికేషన్, వేరే విచారణ, వేరే అవార్డు (పరిహారం తేల్చే ఉత్తర్వు) ఉండాలి. రాజ్యాంగంలోని 300ఎ అధికరణం కింద ఆస్తిని తీసుకునే ముందు నోటీసు ఇవ్వడం, అభ్యంతరం వినడం, కారణాలతో నిర్ణయం చెప్పడం, న్యాయమైన పరిహారం చెల్లించడం వంటివన్నీ యజమాని హక్కులేనని సుప్రీంకోర్టు 2024 మే నెలలో కోల్‌కతా కార్పొరేషన్ కేసులో స్పష్టం చేసిన సంగతి కూడా ఆయనే చెప్పారు. ఆ రాత్రి బాపు చాలా రోజుల తరువాత నిద్రపోయాడు. ఆ ఒక్క కూర్చుడుకే మా 1,500 రూపాయలు గిట్టుబాటు అయ్యాయని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ముసాయిదా దశలోనే మాట్లాడాలన్నది వారి రెండో సలహా. దీనికి కామారెడ్డిని ఉదాహరణగా చూపించారు. అక్కడ 2022 చివరలో వచ్చిన ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో చుట్టుపక్కల ఊళ్ల పంటపొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయి. అడ్లూర్ ఎల్లారెడ్డికి చెందిన ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు, రైతులు కలెక్టరేట్ ముందు బైఠాయించారు, చివరకు 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ ఆ రోజుల్లోనే అలాంటి నిరసన తరువాత ప్లాన్ వెనక్కి వెళ్లింది. ఒక మనిషి చనిపోయాక గానీ రంగు మారని పరిస్థితి ఎంత బాధాకరమో ఆ న్యాయవాది గొంతులో కూడా వినిపించింది. అయినా ఆయన చూపించదలచింది ఒకటే: ముసాయిదా దశలో ఉన్నదాన్ని వెనక్కి తీసుకోవచ్చు, తుది ప్లాన్ నోటిఫై అయ్యాక భూవినియోగ మార్పు కోసం ఎవరి భూమికి వారు దరఖాస్తు పెట్టుకొని, రుసుములు కట్టి, నెలల తరబడి తిరగవలసి వస్తుంది.

అభ్యంతర పత్రం తయారు చేయడంలో వీరి పనితనం నిజంగా మెచ్చుకోదగినది. మాకు 60 రోజుల గడువు ఉండగా మేము వెళ్లేసరికి 38 రోజులు మిగిలాయి. "మా భూమి ఇవ్వం" అని ఊరంతా కలిసి రాసిన ఒక్క వినతిపత్రం మీద వంద సంతకాలు పెట్టి ఇవ్వడం మా ఊర్లో అప్పటికే జరిగిపోయింది. అది తప్పు కాదు గానీ, అధికారి దృష్టిలో అది ఒక్క అభ్యంతరంగానే లెక్కకు వచ్చే ప్రమాదం ఉందని చెప్పి, ప్రతి పట్టాదారు చేత సర్వే నంబరు వారీగా విడి పత్రం రాయించారు. మా దానికి ఐదేళ్ల పహాణీలు (ఏటా సాగు వివరాలు రాసే రెవెన్యూ రికార్డు), కాలువ తూము నుంచి పొలం వరకు ఫొటోలు, రెండు బోర్ల కరెంటు బిల్లులు జతచేశారు. రోడ్డు గీత మీద టౌన్ ప్లానింగ్ యువకుడు స్వయంగా పొలానికి వచ్చి నడిచి చూశాడు. పక్కనే ఉన్న ప్రభుత్వ బంజరు మీదుగా 40 మీటర్లు జరిపితే మూడు కుటుంబాల బావులు మిగులుతాయని నక్షా గీసి చూపించాడు. వద్దనడంతో పాటు ఇలా చేయవచ్చని చెప్పే అభ్యంతరాన్ని పక్కన పెట్టడం కష్టమని అతని మాట. రెండు పంటల మాగాణిని చివరి మార్గంగా తప్ప తీసుకోరాదని 2013 చట్టంలో ఉన్న నియమం గురించి అన్న అడిగితే, అది భూసేకరణకు వర్తించేదే తప్ప జోనింగ్‌ను నేరుగా కట్టడి చేయదని, వాదనకు బలంగా వాడుకోవచ్చని నిజాయితీగా చెప్పారు. పత్రం ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకునే వరకు మనిషిని తోడు పంపారు.

ఆ తరువాత రికార్డు పని. ఏ దారిలో వెళ్లినా ముందు కాగితం సరిగ్గా ఉండాలని వారు పట్టుబట్టారు. మా పాసుపుస్తకంలో విస్తీర్ణానికీ, భూమి మీద కొలతకూ 7 గుంటల తేడా ఉంది. టిప్పన్ (సర్వే కొలతల పటం) తీయించి చూస్తే పక్క రైతు గట్టు జరిగినట్టు తేలింది. భూ రికార్డులు ధరణి పోర్టల్‌లో ఉన్న కాలంలో రెవెన్యూ కోర్టులు లేకుండా పోయి, ఇలాంటి చిన్న తప్పుకు కూడా సివిల్ కోర్టుకు వెళ్లవలసిన స్థితి ఉండేది. 2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చిన భూభారతి చట్టంతో రెవెన్యూ అధికారుల దగ్గరే సవరణకూ అప్పీలుకూ మళ్లీ దారి ఏర్పడింది. మా దరఖాస్తు తయారు చేసింది విశ్రాంత సర్వే అధికారి. పాత రెవెన్యూ రికార్డులైన సేత్వార్, ఖాస్రా పహాణీ నుంచి ఇప్పటి వరకు ఒక్కో మెట్టు ఎలా దిగివచ్చిందో ఆయన ఒక పేజీలో రాసిచ్చిన చరిత్ర మా ఇంట్లో మాకే తెలియదు.

ఇక అసలు విషయం, రైతు ముందున్న దారులు. వాటి మీద నాలుగు పేజీల పత్రం ఇచ్చారు. అమ్మకం గురించి రాసిన భాగంలో అన్నిటికంటే విలువైనది బయానా అగ్రిమెంటు గురించిన హెచ్చరిక. మా ఊరికి వచ్చిన మధ్యవర్తులు చూపించిన కాగితంలో ఎకరాకు కొద్దిపాటి బయానా ఇచ్చి, 18 నెలల గడువు పెట్టి, దానితోపాటు జీపీఏ (మన తరఫున అమ్మే అధికారమిచ్చే పత్రం) అడిగారు. అంటే ధర పెరిగితే వారు వేరొకరికి అమ్ముకుంటారు, పెరగకపోతే బయానా వదులుకొని పోతారు, ఆ ఏడాదిన్నర మనం ఏమీ చేయలేము. గడువు 90 రోజులకు మించకూడదని, జీపీఏ అసలు ఇవ్వకూడదని, గడువు దాటితే అగ్రిమెంటు దానంతట అదే రద్దు కావాలని రాయించుకోమన్నారు. ఈ ఒక్క మాట మా వాడలో నలుగురిని కాపాడింది.

లీజు మీద రాసింది సాధారణంగానే ఉంది. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ కావాలి, భూమిని తాకట్టు పెట్టే హక్కు లీజుదారుకు ఇవ్వకూడదు, గడువు తీరాక షెడ్లు ఎవరివో ముందే రాసుకోవాలి అన్నంత వరకే. పొలంలో కాంక్రీటు పోసి పదిహేనేళ్లు నడిపిన తరువాత ఆ నేల మళ్లీ సాగుకు రావడానికి ఎంత ఖర్చవుతుందో, దాన్ని డిపాజిట్‌గా ముందే ఎలా రాబట్టాలో చెప్పలేదు. రైతు అడిగే మొదటి ప్రశ్న అదే కదా.

ల్యాండ్ పూలింగ్ (భూమి ఇచ్చి, బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లు తీసుకోవడం) గురించి అమరావతి లెక్కతో వివరించారు. అక్కడ మెట్ట భూమి ఎకరాకు 1,000 గజాల నివాస ప్లాటు, 250 గజాల వాణిజ్య ప్లాటు. జరీబు (ఏడాదంతా నీరుండే) భూమికి వాణిజ్య ప్లాటు 450 గజాలు. మొదటి ఒప్పందంలో పదేళ్లపాటు, ఏటా తొలి మొత్తంలో పది శాతం చొప్పున పెరిగే కౌలు, మెట్టకు 30,000 రూపాయలతో, జరీబుకు 50,000 రూపాయలతో మొదలు. కాగితం మీద ఇది ఆకర్షణీయంగా ఉంటుంది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక అక్కడి రైతులు ఏళ్లపాటు ఎదురుచూడవలసి వచ్చిన సంగతి కూడా అదే పేజీలో రాసినందుకు వారిని అభినందిస్తున్నాను. చేతికి వచ్చే ప్లాటు విలువ పక్కన పడే రోడ్డు మీద, ఆ రోడ్డు వేసే ప్రభుత్వం నిలకడ మీద ఆధారపడుతుంది. ఇంట్లో పెళ్లికి ఎదిగిన పిల్లలు, తీర్చవలసిన అప్పు ఉన్న కుటుంబానికి పదేళ్ల నిరీక్షణ ఒక దారిగా చెప్పకూడదని నా అభిప్రాయం.

భూసేకరణ భాగం ఈ నాలుగు పేజీలలో అత్యుత్తమం. చట్టం ప్రకారం మార్కెట్ విలువ కట్టేటప్పుడు స్టాంపు విలువనూ, గత మూడేళ్లలో చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటునూ చూసి, ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. గ్రామీణ ప్రాంతమైతే దాన్ని ఒకటి నుంచి రెండు మధ్య ఉండే గుణకంతో హెచ్చిస్తారు, బావులు, చెట్లు, బోర్ల విలువ కలుపుతారు, మొత్తం మీద నూరు శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు అదనపు సొమ్ము) ఇస్తారు. మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం వేరు. ఇక్కడ మా కళ్లు తెరిపించిన విషయం ఒకటి ఉంది. పట్టణ ప్రాంతానికి గుణకం ఒకటి మాత్రమే. ఎకరం విలువ 20 లక్షలుగా తేలిందనుకుంటే, మున్సిపాలిటీలో కలిసిన మా పొలానికి సొలేషియంతో కలిపి 40 లక్షలు. హద్దు అవతల గ్రామ పంచాయతీలో ఉన్న అదే రకం పొలానికి గుణకం ఒకటిన్నర అయితే 60 లక్షలు. ఊరిని పట్టణంలో కలిపిన రోజు డప్పులు కొట్టించి పండుగ చేసుకున్నాం. ఆ రోజు ఈ లెక్క చెప్పిన వాళ్లు ఒక్కరూ లేరు.

వారు ఇంకో జాగ్రత్త కూడా రాశారు. అవార్డు మొత్తం తక్కువనిపిస్తే డబ్బును ఆక్షేపణతో తీసుకుంటున్నట్టు రాసి తీసుకోవాలి. అలా రాయకుండా తీసుకున్నవారికి పెంపు కోరే హక్కు పోతుంది. అవార్డు చెప్పేటప్పుడు మనం అక్కడ ఉంటే, పరిహారం వివాదాలు విచారించే అథారిటీకి కేసు పంపమని కలెక్టరును కోరడానికి ఉండేది ఆరు వారాలే. తెలంగాణ ప్రభుత్వం 2017లో అమలుకు తెచ్చిన సవరణతో యజమానులతో ఒప్పందం చేసుకొని భూమి కొనే పద్ధతి కూడా ఉంది. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు దానిలోని మొత్తాన్ని చట్టం లెక్కతో పోల్చి చూడకపోతే తరువాత పెంచమని అడగడం దాదాపు అసాధ్యం. ఇదంతా తెలుగులో, బాపు చదివి అర్థం చేసుకునేలా రాయమని మేము పట్టుబట్టవలసి వచ్చింది. మొదట ఇచ్చిన పత్రం మొత్తం ఇంగ్లీషులో ఉంది. రైతు కోసం నడిపే సేవ తొలి కాగితమే తెలుగులో ఇవ్వకపోవడం నాకు నచ్చలేదు.

ఇప్పుడు పెద్ద తప్పు గురించి. అన్న అప్పు తీర్చడానికి జోన్ మారే భాగంలోంచి 1 ఎకరం 10 గుంటలు అమ్ముదామని ఇంట్లో అనుకున్నాం. ముందు నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పు) చేయించి అమ్మితే ధర ఎక్కువ వస్తుందని, వ్యవసాయ భూమి కనుక ఆదాయపు పన్ను ఏమీ ఉండదని వీరు సలహా ఇచ్చారు. చెల్లె తనకు తెలిసిన చార్టర్డ్ అకౌంటెంటును అడగడం వల్ల బతికిపోయాం. పన్ను లేనిది గ్రామీణ వ్యవసాయ భూమికి మాత్రమే. 10,000 జనాభా దాటిన మున్సిపాలిటీ హద్దులో ఉన్న పొలానికి ఆ మినహాయింపు వర్తించదు. హద్దు బయట కూడా జనాభా లక్ష లోపు ఉంటే 2 కిలోమీటర్లు, పది లక్షల లోపు ఉంటే 6, అంతకు మించితే 8 కిలోమీటర్ల వరకు పొలం పట్టణ భూమిగానే లెక్కకు వస్తుంది. సాగులో ఉన్న అలాంటి పొలం అమ్మి రెండేళ్లలో వేరే సాగుభూమి కొంటే లాభం మీద ఉపశమనం ఉంది. ముందే నాలా చేయించి సాగు మానేస్తే ఆ ఉపశమనం కూడా చేజారే పరిస్థితి. మరోవైపు, అదే పొలాన్ని 2013 చట్టం కింద ప్రభుత్వం సేకరిస్తే వచ్చే పరిహారానికి ఆదాయపు పన్ను లేదు. అంటే అమ్మకం ధరనూ పరిహారాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు పన్ను పోగా చేతికి వచ్చేదే చూడాలి. ఇంత ముఖ్యమైన సంగతి నాలుగు పేజీలలో ఒక్క వాక్యంగా కూడా లేదు. మేము చెప్పాక వారు తప్పును ఒప్పుకొని, ఆ సలహాకు తీసుకున్న 4,000 రూపాయలు తిరిగి ఇచ్చారు. వారి నిజాయితీని గౌరవిస్తాను. కానీ అకౌంటెంటు తెలిసిన చెల్లె లేని ఇల్లు ఏమైపోయేది?

రెండో లోపం నన్ను ఇంకా ఎక్కువగా బాధించింది. మా పొలంలో 2 ఎకరాలు పద్నాలుగేళ్లుగా ఒకే కుటుంబం కౌలుకు చేస్తోంది. అన్ని కూర్చుళ్లలో ఒక్కసారి కూడా భూమి ఎవరు దున్నుతున్నారని వీరు అడగలేదు. 2013 చట్టం ప్రకారం సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడి బతికే కౌలుదారులు, వ్యవసాయ కూలీలు కూడా బాధిత కుటుంబాలే. పునరావాసంలో వారికి హక్కు ఉంది. నేరుగా కొనుగోలు కోసం 2015లో తెచ్చిన జీవో 123ను 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి కొట్టివేసింది కూడా జహీరాబాద్ ప్రాంతపు భూమిలేని కూలీలు వేసిన పిటిషన్ మీదనే. అలాంటి తీర్పు వచ్చిన రాష్ట్రంలో పనిచేసే భూసలహా సంస్థ కౌలు రైతు పేరు తన ఫైలులో రాయకపోవడం పొరపాటు కంటే పెద్దది. మేమే అడిగి అతని సాగు వివరాలు, పదేళ్ల కౌలు రశీదులు ఫైలులో చేర్పించాం. కౌలు పేరు కాగితం మీదికి వస్తే హక్కు అడుగుతాడేమోనని మొదట బాపు కూడా జంకాడు. అతను లేకుంటే ఈ పద్నాలుగేళ్లు ఆ రెండెకరాలు బీడేనని అమ్మ అన్నాక ఒప్పుకున్నాడు.

ఇంటి లోపలి వాటాల గురించి కూడా వీరు ఆలస్యంగా అడిగారు. ఆ భూమి తాతల నాటి ఉమ్మడి ఆస్తి కనుక చెల్లెకు సమాన వాటా ఉందని, ఆమె సంతకం లేకుండా ఏ అగ్రిమెంటు చేసినా రేపు తగాదా అవుతుందని మూడో కూర్చుడులో గానీ చెప్పలేదు. ఇది మొదటి రోజు అడగవలసిన ప్రశ్న.

అభ్యంతరం ఇచ్చిన తరువాత వెంబడి చూసే పని బలహీనంగా ఉంది. విచారణ తేదీ మాకు ఫోన్ సందేశంగా వచ్చిన రోజు వారి న్యాయవాది హైదరాబాద్‌లో ఉన్నారు. టౌన్ ప్లానింగ్ యువకుడు వచ్చి రోడ్డు మార్పు నక్షాను బాగానే వివరించాడు గానీ, అధికారి రికార్డు మీద ప్రశ్నలు వేసినప్పుడు బాపే జవాబు చెప్పుకున్నాడు. తుది ప్లాన్ ఇంకా రాలేదు. అమ్మకం ఆపేశాం, అన్న అప్పుకు పంట రుణంతో, చెల్లె ఇచ్చిన చేబదులుతో సర్దుబాటు చేశాం, యాసంగికి వరి వేశాం.

ఐదుకు నేను మూడున్నర ఇస్తాను: జోనింగ్ అంటే ఏమిటో చెప్పడానికి, అభ్యంతరం రాయడానికి, రికార్డు సరిచేయడానికి, పరిహారం లెక్కకు పూర్తి మార్కులు; పన్నుకూ, కౌలుదారుకూ, విచారణకూ కోత. వెళ్లేవారు పాసుపుస్తకం, ఐదేళ్ల పహాణీలు, ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), టిప్పన్ కాపీ, ముసాయిదా నక్షాలో మీ సర్వే నంబరు ఉన్న భాగం వెంట తీసుకువెళ్లండి. వాటాదారులందరినీ, కౌలుదారుడిని కూడా తోడు తీసుకుపోండి. పన్ను మాట మాత్రం అకౌంటెంటు దగ్గర విడిగా అడగండి. గడువు పది రోజుల లోపే మిగిలి ఉంటే ఎవరి కోసమూ ఆగకుండా ముందు అభ్యంతరం మీరే తెల్లకాగితం మీద సర్వే నంబరుతో రాసి మున్సిపాలిటీలో ఇచ్చి, ముద్ర వేసిన కాపీ చేతికి తీసుకున్న తరువాతే సలహాకు వెళ్లండి.